మ్యూజిక్ సర్వర్‌కు పెద్ద అప్‌గ్రేడ్ వస్తుందంటున్నారు: ఆగాలా, ఇప్పుడే కొనాలా?

బరంపురం శ్రోత
విశాఖలో ఒక డీలరు దగ్గర మంచి మ్యూజిక్ సర్వర్ ఒకటి విని వచ్చాను. సీడీ పెడితే తనే రిప్ చేసుకుంటుంది (పాటలను ఫైళ్లుగా దాచుకుంటుంది), లోపల డిస్కు ఉంది, ఆపరేషన్ అంతా ట్యాబ్ మీద. ధర ఇంట్లో చెప్పలేదు కాబట్టి ఇక్కడ కూడా చెప్పను. శబ్దం విషయంలో నాకు ఏ అభ్యంతరమూ లేదు. ఇబ్బంది సాఫ్ట్‌వేర్‌తోనే. నా పెన్‌డ్రైవ్‌లోని తెలుగు పాటల పేర్లు ట్యాబ్‌లో చక్కగా కనిపించాయి కానీ, పెట్టె ముందున్న తెర మీద మాత్రం వరసగా ఖాళీ గళ్లు వచ్చాయి. ఒడియా పేర్లదీ అదే గతి. కర్ణాటక సంగీతాన్ని రాగం ప్రకారం వెతికే వీలు లేదు. రెండూ రాబోయే పెద్ద వెర్షన్‌లో వస్తాయని డీలరు ధీమాగా చెబుతున్నాడు. కంపెనీ వాళ్ల పేజీలో మాత్రం "త్వరలో" అన్న ఒక్క మాట తప్ప తేదీ లేదు, ఏయే మోడళ్లకు ఇస్తారన్నదీ లేదు. ఆ వెర్షన్ వచ్చేదాకా ఆగడం మంచిదా, ఇప్పుడు కొని అది వస్తుందని నమ్మడం మంచిదా? ఇటువైపు మన జిల్లాల్లో ఇలాంటివి వాడుతున్నవాళ్లు చెబితే బాగుంటుంది. మాకు సర్వీసు అంటే విశాఖ వెళ్లాల్సిందే.

సీడీల బీరువా
ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం. పెట్టెను ఈరోజు అది చేసే పనిని చూసి కొనాలి, రేపు చేస్తుందని చెప్పేదాన్ని చూసి కాదు. నేను ఇంతకుముందు వాడిన సర్వర్‌కు (కంపెనీ పేరు అనవసరం) వేర్వేరు గదుల్లో ఒకే పాట వినిపించే సదుపాయం తరువాతి అప్‌డేట్‌లో వస్తుందని చెప్పి అమ్మారు. సదుపాయం వచ్చింది. కాకపోతే తరువాతి మోడల్‌లో వచ్చింది. నా పెట్టెలోని ప్రాసెసర్ దానికి చాలదని మర్యాదగా ఉత్తరం రాశారు.

లినక్స్ లింగం
పై సామెతలో నా పేరు వచ్చినందుకు సంతోషం.

శ్రోత గారూ, మీరు ఎదురుచూస్తున్నవి రెండూ ఒకే రకమైన మార్పులు కావు, కాబట్టి రెండింటికీ ఒకే సమాధానం ఉండదు. ఇలాంటి పెట్టెలో సాఫ్ట్‌వేర్ అంటే ఒకటి కాదు. అడుగున ఆపరేటింగ్ సిస్టమ్ ఉంటుంది, అది చాలావాటిలో కుదించిన లినక్స్. దాని మీద లైబ్రరీని నడిపే సర్వర్ ప్రోగ్రాం, మీ చేతిలోని ట్యాబ్‌లో యాప్, డాక్ (డిజిటల్ ఫైలును శబ్ద సంకేతంగా మార్చే భాగం) ఉంటే దాని లోపలి సాఫ్ట్‌వేర్ అయిన ఫర్మ్‌వేర్, వీటన్నిటికీ బయట ఆల్బమ్ వివరాలు పంపే ఆన్‌లైన్ సేవలు. ట్యాబ్‌లో తెలుగు కనబడుతోందంటే పేర్లు యూనికోడ్‌లో (అన్ని భాషల అక్షరాలకూ అంకెలు కేటాయించే పద్ధతిలో) సరిగానే నిల్వ అవుతున్నాయని అర్థం. ముందు తెరకు అక్షరాలు గీసే భాగంలో తెలుగు ఫాంట్ లేదు, లేదా ఒత్తులూ గుణింతాలూ పేర్చే లైబ్రరీ లేదు. ఇది చిన్న పని. ఎవరైనా గట్టిగా అడిగితే ఏదో ఒక మామూలు అప్‌డేట్‌లో కలిపేస్తారు, దీనికి పెద్ద వెర్షన్ అక్కర్లేదు.

రాగం ప్రకారం వెతకడం అలా కాదు. దానికి డేటాబేస్ నిర్మాణమే మారాలి, యాప్‌లో కొత్త తెర కావాలి, అన్నింటికీ మించి రాగాల సమాచారం ఎక్కడి నుంచో రావాలి. యూరప్‌లోనో కొరియాలోనో కూర్చున్న కంపెనీ మనకోసం ఆ పని ముందు వరసలో పెట్టుకుంటుందని నేను అనుకోను. ఒక పని చేయండి. ఆ కంపెనీ గత నాలుగైదేళ్ల విడుదల వివరాలు పేజీలో ఉంటే చదవండి. ఎంత తరచుగా ఇచ్చారు, ఎన్నేళ్ల నాటి మోడల్‌కు ఇచ్చారు, దేన్ని ఎప్పుడు వదిలేశారు అన్నది చూస్తే, "త్వరలో" అనే మాటకు వాళ్ల దగ్గర ఎంత విలువ ఉందో తేలిపోతుంది.

తంబురా
రాగాల సంగతి లింగం గారు సగమే చెప్పారు. కొత్త వెర్షన్ వచ్చి, రాగం అనే అర ఏర్పాటు చేసినా, అందులో పెట్టడానికి సరుకేదీ? మ్యూజిక్‌బ్రెయిన్జ్ అనే ఉచిత సంగీత డేటాబేస్‌లో కృతికి రాగం, తాళం నమోదు చేసే ఏర్పాటు ఇప్పటికే ఉంది, కానీ మన ఇళ్లల్లో ఉన్న తెలుగు సీడీల్లో చాలా భాగం అందులో లేనే లేవు. సర్వర్ కంపెనీలు డబ్బు కట్టి తెచ్చుకునే వివరాల్లోనూ పరిస్థితి ఏమంత గొప్పగా లేదు. మంగళంపల్లి బాలమురళీకృష్ణ గారి సీడీ ఒకటి మా సర్వర్‌లో పెట్టినప్పుడు రచయిత స్థానంలో ఆయన పేరే వచ్చింది, ఐదో పాట పేరు "ట్రాక్ 05" అని వచ్చింది. ఇంగ్లీషు స్పెల్లింగుల పుణ్యమా అని మా సర్వర్‌లో త్యాగరాజులు నలుగురున్నారు.

అందువల్ల రాగాలు మీరే నింపుకోవాలి, అది ఇప్పుడైనా చేసుకోవచ్చు. ఫ్లాక్ (నాణ్యత తగ్గకుండా కుదించే ఫార్మాట్) ఫైలులో మీకు నచ్చిన పేరుతో ట్యాగ్ పెట్టుకునే స్వేచ్ఛ ఉంది, కాకపోతే ట్యాగ్ పేరు ఇంగ్లీషు అక్షరాల్లోనే ఉండాలి. "RAGA" అని పెట్టి, అందులో "తోడి" అని రాసుకోండి. సర్వర్ ఆ ట్యాగ్‌ను చదవకపోతే, తాత్కాలికంగా జాన్రా (సంగీత రకం) గడిలో కూడా అదే రాయండి. జాన్రా ప్రకారం వెతికే వీలు దాదాపు ఏ సర్వర్‌లోనైనా ఉంటుంది. రేపు రాగం అర వస్తే ట్యాగ్ సిద్ధంగా ఉంటుంది.

గుణుపురం కుర్రాడు
మాస్టారూ, నలుగురు త్యాగరాజుల్లో ఎవరి కృతులు ఎక్కువ ఉన్నాయి?

తంబురా
చివర "ఏ" అక్షరం లేని ఆయనవి, బాబూ.

వంశధార ఒడ్డు
అప్‌గ్రేడ్‌లో ఏమి వస్తుందని అందరూ అడుగుతున్నారు, ఏమి పోతుందని ఎవరూ అడగడం లేదు. చందా కట్టి వాడుకునే రూన్ అనే మ్యూజిక్ సర్వర్ సాఫ్ట్‌వేర్‌కు 2022 సెప్టెంబరులో 2.0 వెర్షన్ వచ్చింది. ఇంట్లోని లైబ్రరీని బయట ఫోన్‌లో వినిపించే ఆర్క్ అనే యాప్ దానితో వచ్చింది, మంచిదే. కానీ విడుదలైన నాటికి ఆ వెర్షన్ నడవాలంటే ఇంటర్నెట్ ఉండాలన్న షరతు కూడా దానితోపాటే వచ్చింది. సొంత డిస్కులోని సొంత పాట వినడానికి నెట్ ఎందుకని వాళ్ల వాడకందారులు గొడవ చేశారు. ఇష్టం లేనివాళ్లు పాత 1.8లోనే ఉండేలా లెగసీ వెర్షన్ ఒకటి ఇచ్చారు.

నగరాల్లో ఉండేవారికి ఇది చాదస్తంగా అనిపించవచ్చు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు మా పర్లాకిమిడి వైపు ఎలా ఉందో చూసినవాళ్లకు అనిపించదు. కరెంటు ముందు వచ్చింది, నెట్ చాలా ఆలస్యంగా వచ్చింది. ఆ మధ్యకాలంలో మా ఇంట్లో పాట వినిపించిందంటే, సర్వర్ ఎవరి అనుమతీ అడగకుండా డిస్కులో ఉన్నది ఉన్నట్టు వాయించింది కాబట్టే. కొనేముందు డీలరు ఎదురుగానే రౌటర్ తీగ పీకి, పెట్టెను ఆపి మళ్లీ ఆన్ చేయించండి. అప్పుడు పాడితేనే కొనండి.

రాయగడ జంక్షన్
వంశధార గారి తుఫాను వాదన నేను ఒప్పుకుంటాను, కానీ చర్చ మొత్తం భయం వైపు ఒరిగిపోతోంది. అప్‌గ్రేడ్ల వల్ల నిజంగా బాగుపడిన పెట్టెలు లేవా? పోర్చుగల్‌కు చెందిన ఇన్నువోస్ 2021లో తన ఆపరేటింగ్ సిస్టమ్‌కు 2.0 వెర్షన్ ఇచ్చి, దానితో సెన్స్ అనే సొంత యాప్ తెచ్చింది. అంతకుముందు ఆ పెట్టెలు కొన్నవాళ్లు ఇతరుల యాప్‌ల మీద ఆధారపడేవారు. కొన్న తరువాత వస్తువు మెరుగుపడడం మనకు ఇంకే ఆడియో పరికరంలో దొరుకుతుంది? నా యాంప్లిఫయర్ కొన్ననాడు ఎలా ఉందో నేడూ అలాగే ఉంది, పైగా దుమ్ము అదనం.

ఆగాలనుకునేవాళ్లు ధరల సంగతి కూడా చూసుకోవాలి. రూన్ జీవితకాల చందా 2015లో 499 డాలర్లు ఉండేది, 2023 నాటికి 829 దాటింది. మంచి వెర్షన్ కోసం ఆగినవాళ్లు మంచి ధరను పోగొట్టుకున్నారు.

సీడీల బీరువా
"జీవితకాలం" అన్నది ఎవరి జీవితకాలమో కూడా చూసుకోవాలి, జంక్షన్ గారూ. 2023లో రూన్‌ను హర్మన్ అనే పెద్ద ఆడియో కంపెనీ కొనేసింది. ఇప్పటికి ఏ ఇబ్బందీ రాలేదు, నిజమే. యజమాని మారినప్పుడు పాత వాగ్దానాలు కొత్త యజమాని దయ మీద ఉంటాయన్నదే నా మాట.

జయపురం గట్టు
ఇక్కడ ఎవరూ అసలు విషయం మాట్లాడడం లేదు. కిందటి నెల మా సర్వర్ తనంతట తానే కొత్త వెర్షన్ వేసుకుంది. ఆ రాత్రి నుంచి శబ్దం మారింది. వీణ మీటు మెత్తబడింది, మృదంగం కొంచెం వెనక్కి జరిగింది. నాకు అంతగా నచ్చలేదు. పాత వెర్షన్‌కు వెనక్కి వెళ్లే మార్గం యాప్‌లో లేదు. శబ్దం కోసమే లక్షలు పోసి కొన్న వస్తువుకు, నన్ను అడగకుండా శబ్దం మార్చే హక్కు వాళ్లకు ఎవరిచ్చారు?

లినక్స్ లింగం
గట్టు గారూ, సెట్టింగుల్లో వాల్యూమ్ లెవలింగ్ ఒకసారి చూడండి. పెద్ద అప్‌డేట్ తరువాత కొన్ని సర్వర్లు సెట్టింగులను మొదటి స్థితికి తెచ్చేస్తాయి. లెవలింగ్ ఆన్ అయితే, గట్టిగా రికార్డు చేసిన ఆల్బమ్‌ల స్థాయిని కొన్ని డెసిబెల్స్ తగ్గిస్తుంది. స్థాయి తగ్గిన శబ్దం చెవికి మెత్తగా, దూరంగా తోస్తుంది. మీరు చెప్పిన మీటూ మృదంగమూ సరిగ్గా ఆ లక్షణాలే. ఇంకొకటి, మీ డాక్ ముఖం మీద అంకె చూడండి. సీడీ నుంచి రిప్ చేసిన పాట ఆడుతున్నప్పుడు 44.1 (సీడీ శాంపిల్ రేటు, కిలోహెర్ట్జ్‌లో) కనబడాలి. 192 అని కనబడితే సర్వర్ మధ్యలో లెక్కలు మారుస్తోందన్నమాట. ఈ రెండూ ఆపేసి, ఫైలులోని బిట్లు ఉన్నవి ఉన్నట్టుగా డాక్‌కు చేరుతుంటే, ఆ తరువాత కూడా తేడా ఉంటుందా లేదా అన్న యుద్ధం ఈ చర్చలో మొదలుపెట్టవద్దని అందరికీ మనవి.

జయపురం గట్టు
లెవలింగ్ ఆన్‌లోనే ఉంది. ఆపాను. మృదంగం ముందుకు వచ్చింది. వీణ మీద మాత్రం నా మాట నాదే.

గుణుపురం కుర్రాడు
యుద్ధం మొదలు కాబోయి ఆగినట్టుంది.

మహేంద్రగిరి గాలి
అప్‌గ్రేడే వద్దు, ఉన్నదానితో ఉంటామనేవారికి ఒక హెచ్చరిక. మీరు పెట్టెను ముట్టుకోకపోయినా దాని చుట్టూ ఉన్న ప్రపంచం మారుతూనే ఉంటుంది. సీడీ వివరాలు ఇచ్చే ఫ్రీడీబీ సేవ 2020లో మూతపడింది. దాన్నే నమ్ముకుని, కొత్త సాఫ్ట్‌వేర్ అందని పాత రిప్పర్లు ఆరోజు నుంచి ప్రతి సీడీకీ "తెలియని కళాకారుడు" అని రాయడం మొదలుపెట్టాయి. వెబ్‌సైట్లకు ఉచితంగా భద్రతా సర్టిఫికెట్లు ఇచ్చే లెట్స్ ఎన్‌క్రిప్ట్ వాడుతున్న పాత మూల సర్టిఫికెట్ గడువు 2021 సెప్టెంబరు 30న తీరింది. అప్‌డేట్ ఆగిపోయిన పాత పరికరాలకు చాలా వెబ్‌సైట్లతో సురక్షిత సంబంధం తెగిపోయింది. విండోస్‌లోనూ, తరువాత నాస్ పెట్టెల్లోనూ (ఇంటి నెట్‌వర్క్‌కు తగిలించే డిస్కు పెట్టెలు) ఎస్‌ఎంబీ1 అనే పాత ఫైల్ పద్ధతిని భద్రత కోసం ఆపేస్తూ వచ్చారు. నాస్‌ను అప్‌డేట్ చేసిన మర్నాడు సర్వర్‌లో ఒక్క పాటా కనబడక, డిస్కు పోయిందని కంగారుపడిన మిత్రుడు నాకు ఒకరున్నారు. డిస్కు నిక్షేపంగా ఉంది. సర్వర్‌కు కొత్త ఎస్‌ఎంబీ మాట్లాడడం రాదు, అంతే. ఆ సర్వర్ చేసిన కంపెనీ దానికి అప్‌డేట్లు ఎప్పుడో ఆపేసింది.

అందుకని అసలు ప్రశ్న కొత్త హంగులు వస్తాయా అన్నది కాదు. ఈ నిర్వహణ అప్‌డేట్లు ఎన్నేళ్లు ఇస్తారన్నది.

వంశధార ఒడ్డు
గాలి గారి మాటతో ఏకీభవిస్తున్నాను. నెట్ లేకుండా పాడేది ఉండాలి, నెట్ ఉన్నప్పుడు అప్‌డేట్ వేసుకునేది ఉండాలి. రెండింటికీ పొత్తు కుదరదనేం లేదు.

తంబురా
కంపెనీ వదిలేసినా బతికిన వస్తువు ఒకటుంది, దాని గురించి చెప్పకపోతే అన్యాయం అవుతుంది. స్లిమ్ డివైసెస్ అనే చిన్న కంపెనీ నెట్‌వర్క్ మీద పాటలు వినిపించే స్క్వీజ్‌బాక్స్ అనే పెట్టెలు చేసేది. 2006లో లాజిటెక్ దాన్ని కొన్నది, 2012లో ఆ పరికరాల వరసనే ఆపేసింది. 2024లో వాటికి తోడుగా నడిచిన వెబ్‌సైటును కూడా మూసేసింది. అయినా ఆ పెట్టెలు ఈనాటికీ పాడుతున్నాయంటే, వాటిని నడిపే సర్వర్ సాఫ్ట్‌వేర్ సోర్స్ బహిరంగంగా ఉండడమే కారణం. వాడకందారులే దాన్ని నిలబెట్టుకుంటున్నారు, 2024లో దాని పేరు లిరియాన్ మ్యూజిక్ సర్వర్ అని మార్చుకున్నారు. మా ఇంట్లో రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న చవక కంప్యూటర్ మీద అదే నడుస్తోంది. అల్యూమినియం ముఖం లేదు, బరువు లేదు, చుట్టాలకు చూపించుకునే గొప్ప కూడా లేదు. అప్‌డేట్లు మాత్రం వస్తున్నాయి.

రాయగడ జంక్షన్
తంబురా గారూ, నలుగురు త్యాగరాజులున్నది ఆ సర్వర్‌లోనేనా? ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ట్యాగులు మనమే దిద్దుకోవాలి, గొడవ వస్తే మనమే చూసుకోవాలి. సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చి పాట వినాలనుకునేవాడికి అంత ఓపిక ఉండదు. నేను డబ్బు కట్టేది ఆ ఓపిక కొనుక్కోవడానికే.

తంబురా
త్యాగరాజులున్నది ఖరీదైనదానిలో. ఉచితమైనదానిలో ఒక్కరే, నేనే దిద్దాను.

సీడీల బీరువా
పెద్ద వెర్షన్ కోసం కళ్లు కాయలు కాసేలా చూసేవాళ్లు 2024 మే నెలలో వైర్‌లెస్ స్పీకర్లు చేసే సోనోస్‌లో జరిగింది గుర్తుపెట్టుకోవాలి. అది హై ఎండ్ సర్వర్ కాదని తెలుసు, కానీ సంగతి మనదే. యాప్ మొత్తం కొత్తగా రాసి ఒకేసారి అందరికీ వదిలారు. అలారం, స్లీప్ టైమర్ లాంటి రోజూ వాడేవి కూడా మొదట్లో లేవు. సొంత లైబ్రరీలో వెతకడం దెబ్బతింది. కంపెనీ అధిపతి క్షమాపణ చెప్పారు, 2025 జనవరిలో పదవి వదిలారు. వెర్షన్ అంకె చివర సున్నా ఉంటే నేను దాని జోలికి వెళ్లను. దాని తరువాతి రెండు మూడు దిద్దుబాట్లు వచ్చేదాకా ఆగుతాను.

మరో ముచ్చట. ఎంక్యూఏ అనే ఆడియో ఫార్మాట్ కోసం ఫర్మ్‌వేర్ ఎప్పుడిస్తారని కొన్నేళ్లపాటు ప్రతి తయారీదారుణ్ణీ జనం వేధించారు. 2023లో ఆ కంపెనీ దివాలా ప్రక్రియలోకి వెళ్లింది, దాని ఆస్తులను లెన్‌బ్రుక్ అనే ఆడియో కంపెనీ కొన్నది, 2024 జులైలో టైడల్ అనే ఆన్‌లైన్ పాటల సేవ ఆ ఫార్మాట్‌ను తీసేసి ఫ్లాక్‌కు మారిపోయింది. ఎదురుచూసిన అప్‌గ్రేడ్ చేతికి వచ్చినవాళ్లకూ ఇప్పుడు దానితో పెద్దగా పని లేదు.

లినక్స్ లింగం
మన ప్రాంతానికి సంబంధించిన ఒక విషయం చెప్పాలి. అప్‌డేట్ మధ్యలో కరెంటు పోతే ఏమవుతుందని డీలరును అడగండి. పద్ధతిగా చేసిన పెట్టెల్లో సిస్టమ్‌కు రెండు విభాగాలుంటాయి. కొత్తది ఖాళీ విభాగంలో పూర్తిగా రాసి, సరిచూసుకున్నాకే అటు మారుతుంది, మధ్యలో ఆగితే పాతదానితోనే లేస్తుంది. అలా లేనివి సగంలో ఆగితే రాయిలా పడుంటాయి, దాన్ని పెట్టెలో కట్టి విశాఖకు మోసుకెళ్లాలి. కాబట్టి ఆటోమేటిక్ అప్‌డేట్ ఆపే వీలుందో లేదో చూసుకోండి. యూపీఎస్ మీద ఉంచండి, రౌటర్ కూడా దాని మీదే ఉండాలి. శనివారం రాత్రి అప్‌డేట్ వేయకండి, ఆదివారం డీలరు ఫోన్ ఎత్తడు.

అప్‌డేట్‌కు ముందు బ్యాకప్ అంటే చాలామంది పాటల ఫైళ్లు మాత్రమే అనుకుంటారు. ప్లేలిస్టులు, మీరు దిద్దిన పేర్లు, ఇష్టమని గుర్తుపెట్టినవి సర్వర్ సొంత డేటాబేస్‌లో ఉంటాయి, అది వేరే బ్యాకప్. మీరు యాప్‌లో దిద్దిన పేరు ఫైలులో రాస్తుందా, డేటాబేస్‌లోనే దాచుకుంటుందా అన్నది కొనేముందు పరీక్షించండి. ఒక పాట పేరు యాప్‌లో మార్చి, అదే ఫైలును ల్యాప్‌టాప్‌లో తెరిచి చూస్తే తెలిసిపోతుంది. డేటాబేస్‌లోనే దాచుకునే సర్వర్ అయితే, రేపు వేరే సర్వర్‌కు మారినరోజు మీ శ్రమంతా దానితోనే పోతుంది.

బరంపురం శ్రోత
అందరూ చెప్పిన ప్రశ్నలు రాసుకుని మళ్లీ విశాఖ వెళ్లాను, కంపెనీకి మెయిల్ కూడా పెట్టాను. రౌటర్ తీగ పీకితే పాడింది. డీలరు ముఖం మాత్రం కాస్త వాడింది. యాప్‌లో దిద్దిన పేరు ఫైలులోకి వెళ్లడం లేదు, అది నచ్చలేదు. కంపెనీ జవాబు ప్రకారం తెలుగు, ఒడియా ఫాంట్లు చిన్న అప్‌డేట్‌లోనే ఇస్తారు, నేను పంపిన ఫొటో వాళ్లకు ఉపయోగపడిందట. రాగం సంగతి "పరిశీలనలో ఉంది" అన్నారు, అంటే లేదనే నేను అర్థం చేసుకున్నాను. ఏ మోడల్‌కు ఎన్నేళ్లు అప్‌డేట్లు ఇస్తారన్న ప్రశ్నకు జవాబు రాలేదు, రెండోసారి అడిగినా రాలేదు.

లోపలి డిస్కు ఉన్న పెద్ద మోడల్ వద్దనుకుంటున్నాను. గంట నిడివి సీడీ ఫ్లాక్‌లో 300 నుంచి 400 ఎంబీ మధ్య ఉంటుంది కాబట్టి, ఒక టీబీలో 2500 సీడీలకు చోటుంటుంది. నా దగ్గర ఉన్న నాస్ దానికి చాలు. అదే కంపెనీ డిస్కు లేని చిన్న మోడల్ సగం ధరకు వస్తోంది. ట్యాగులన్నీ ల్యాప్‌టాప్‌లో ఫైళ్లలోనే దిద్దుతాను.

ఇంకొక సందేహం. ఇంగ్లీషు, ఒడియా, తెలుగు పేర్లు కలిసిన లైబ్రరీలో కళాకారుల జాబితా ఏ వరసలో వస్తుంది? ఘంటసాల గారు ఎక్కడో అడుగున పడిపోతున్నారు.

రాయగడ జంక్షన్
సగం ధర దగ్గర ఆగారు కాబట్టి, ఇంట్లో ఇప్పుడు చెప్పవచ్చు.

మహేంద్రగిరి గాలి
సర్వర్ ప్రత్యేకంగా ఏ ఏర్పాటూ చేయకపోతే యూనికోడ్ అంకెల వరసే వస్తుంది. అందులో ఇంగ్లీషు ముందు, తరువాత ఒడియా, దాని తరువాత తమిళం, ఆపైన తెలుగు. ఏ భాషదా భాషగా విడివిడిగా ఉంటే చాలనుకుంటే అలాగే వదిలేయండి, తెలుగు భాగంలో అకారాది సుమారుగా సరిగానే వస్తుంది. అన్నీ కలిసి రావాలంటే ప్రతి ఫైలులోనూ ఆల్బమ్ ఆర్టిస్ట్ సార్ట్ అనే ట్యాగ్‌లో పేరును ఇంగ్లీషు అక్షరాల్లో ఒకే స్పెల్లింగుతో రాయండి. తెర మీద తెలుగు పేరే కనబడుతుంది, వరస మాత్రం ఆ స్పెల్లింగును బట్టి ఉంటుంది. డిస్కు లేని చిన్న మోడల్ ఆ ట్యాగ్‌ను చదువుతుందో లేదో, డబ్బు కట్టకముందే ఒక ఆల్బమ్‌తో చూసుకోండి.